రెండు బారల నేల

మూడు శుక్రవారాలు ఉపవాసమున్నాను, ప్రభువా.
టీ కూడా ముట్టలేదు.
బట్టీలో జీడిపిక్కలు కొడుతూ అడిగాను,
పలాస నుంచి తిరుగు ఆటోలో
పదకొండుమంది మధ్య ఇరుక్కుని అడిగాను:
మా సుదర్శిని నర్సుపనికి బరంపురం వెళ్లాలా, ఊళ్లోనే ఉండాలా,
నీ చిత్తం ఏటో చెప్పు.

చీటీలు వేసి చూశాను. చెప్పడానికి సిగ్గే,
కళ్లు మూసుకుని బైబిలు తెరిచి
వేలు పెట్టి కూడా చూశాను.
జీడిపాలకి కాలి, తోలు ఊడి, గీతలు పోయిన వేలు.
రేషను డిపోలో మిషను దాన్ని గుర్తుపట్టదు.
ఆ వేలికింద ఒకసారి గొర్రెల లెక్క వచ్చింది,
ఒకసారి ఎవరు ఎవరిని కన్నారో వంశావళి వచ్చింది.
మూడోసారి
హద్దురాయి జరిపినవాడి మాట వచ్చింది.
గబుక్కున మూసేశాను.
కళ్లజోడు దొరకలేదని నీకు చెప్పాను.

నీకు తెలీదా ఏటి.
తిత్లీ గాలికి తోటంతా పడిపోయిన ఏడు,
వేర్లు పైకీ కొమ్మలు కిందకీ అయిన ఆ వారం,
ఇది మాదని చూపించడానికి చెట్టే లేనప్పుడు,
మా ఆయనా నేనూ లాంతరు పట్టుకెళ్లి
రాయిని రెండు బారలు తూర్పుకి జరిపాం.
దాని బరువు ఇంకా నా నడుంలో ఉంది.
నష్టపరిహారంలో రెండు చెట్లు ఎక్కువ రాయించుకున్నాం.
ఆ ఆదివారమే మందిరంలో లేచి సాక్ష్యం చెప్పాను,
దేవుడు మమ్మల్ని విడువలేదని.

తూర్పున మా మరిది తవిటయ్య.
అప్పటినుంచి మాటల్లేవు.
ఇప్పుడు వారానికి రెండుసార్లు
తెల్లారగట్ల డయాలసిస్‌కి పోతాడు.
ఉద్దానంలో ఈ జబ్బు ఎవరిని ఎందుకు ఎంచుకుంటుందో
పెద్ద డాక్టర్లకే తెలీదు.
పాస్టరుగారు ఒకసారి "దేవుని చిత్తం" అన్నారు.
తవిటయ్య పెళ్లాం గున్నమ్మ
చేటలోంచి తల ఎత్తకుండా
"ఆయనకి ఇంకేటీ పని లేదేటి" అంది.
నాకు నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది.
ఆ తర్వాత, నిన్ను ఆవిడే బాగా ఎరుగునేమో అనిపించింది.

తెలియని నీ చిత్తం కోసం
తిండి మానుకుని అడుగుతున్నాను.
తెలిసిన నీ చిత్తం మీద
ఆరేళ్లుగా పిడకలు కొడుతున్నాను.

నువ్వూ ఒక తోటలోనే కదా చెమటోడ్చింది.
ఆ గిన్నె వద్దన్నావు మొదట. దాచుకోలేదు.
వద్దనుకుంటూనే లేచి నడవడం ఒకటుందని
చిన్నపిల్లలకి ఫ్లానెల్ బొమ్మలంటించి చెప్పినదాన్నే నేను.
నేనైతే "సరే ప్రభువా" అన్నాను
ప్రతి ఆదివారం, పాటలో,
కూర్చున్న చాపమీంచి కదలకుండా.

నిన్న కోడి కూయకముందే గునపం తీశాను.
మా ఆయన లేచి కూర్చున్నాడు. ఏటని అడగలేదు.
"తడినేల, జారుద్ది" అని
అదే లాంతరు వెలిగించాడు.
రాయికింద చెదలు, ఒక తేలు,
ఆరేళ్లు వెలుతురు చూడని మెత్తటి మన్ను.
అటు జరిపినప్పుడు రెండు బారలే.
ఇటు జరుపుతుంటే కాశీబుగ్గ దాకా ఉంది.

ఆటో కోసం బయటికొచ్చిన తవిటయ్య
చేతికట్టు సవరించుకుంటూ
చాలాసేపు నిలబడ్డాడు.
"పాస్టరు చెప్పినాడేటి?"
"లేదు."
"మరి?"
నాకు నోరు పెగల్లేదు.
"ఇంకో జానెడు అటు, ఒదినా" అన్నాడు.
చీకట్లో కన్ను పొరబడిందో
చెయ్యే పొరబడిందో.
వాడి ఆటో హారను కొట్టింది, వెళ్లిపోయాడు.
ఆ జానెడు కూడా జరిపాం.
అదే అన్నిటికంటే బరువు.

బరంపురం సంగతి
నువ్వు ఇప్పటికీ ఏమీ చెప్పలేదు.
సుదర్శిని తెల్లచీర ఇస్త్రీ చేసుకుంటోంది.
గునపం కడిగి మూలన పెట్టాను.
ఎన్నడూ లేనంత ఆకలేసింది.
శుక్రవారమని గుర్తొచ్చేసరికి
గంజి తాగేశాను.